కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు: ముందు జబ్బేమిటో చూద్దాం

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఒకచోట పెట్టుకుని చదివితే, కంప్యూటరుకు ఏమైందో తేలకముందే కొత్తది కొనాలా, ఫార్మాట్ కొట్టించాలా అన్న ప్రశ్న చాలామందిని వేధిస్తున్నదని అర్థమైంది. డాక్టరు నాడి చూడకుండా మందు రాస్తే మనం ఊరుకోము కదా. ఇక్కడా అంతే కనుక కొన్ని ఉత్తరాలకు కాస్త సుదీర్ఘంగానే సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: నాకు తెనాలిలో చిన్న డి.టి.పి. సెంటర్ ఉంది. 2014లో కొన్న కంప్యూటరులో నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి, విండోస్ 10 నడుస్తోంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాములో అను అనే తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల మేటర్ చేస్తుంటాను. ఉదయం స్విచ్ వేస్తే పని మొదలుపెట్టడానికి అయిదారు నిమిషాలు పడుతోంది. విండోస్ 10 ఆగిపోయింది కనుక కొత్త కంప్యూటరు తీసుకోక తప్పదని రిపేరు చేసే అబ్బాయి చెబుతున్నాడు. నిజమేనా? – డి.టి.పి. సెంటర్ యజమాని, తెనాలి

సమాధానం: మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. కంప్యూటరు నిదానించడం ఒకటి, విండోస్ 10 గడువు ముగియడం మరొకటి. వీటిలో ఒకటి రెండోదానికి కారణం కాదు కనుక విడివిడిగానే చూడాలి.

ముందు నిదానం సంగతి. ఉదయం కంప్యూటరు మొరాయిస్తున్న ఆ అయిదు నిమిషాలలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డిస్క్ అనే నిలువు వరుసలో అంకె 100 శాతం దగ్గరే కదలకుండా నిలబడి, ప్రాసెసరు వరుసలో అంకె తక్కువగా కనిపిస్తే, మీ ప్రాసెసరు ఖాళీగా కూర్చుని హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నదని అర్థం. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరుగుతూ ఉంటే, దాని మీద సన్నని చెయ్యి ఒకటి అటూ ఇటూ జరుగుతూ సమాచారాన్ని వెతుకుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళను చదవాలి. పెద్ద గోడౌనులో ఉన్న ఒక్క గుమస్తా ఒక్కొక్క చిన్న పొట్లం కోసం ఒక్కొక్క మూలకు పరుగెత్తినట్లు, ఆ చెయ్యి ప్రతి ఫైలుకూ కదలవలసి వస్తుంది. హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే ఉండదు. వరుసగా చదివే పనిలో మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ ఇస్తే సాటా అనే రకం ఎస్.ఎస్.డి. దాదాపు 500 ఎంబీ ఇస్తుంది, చిల్లర ఫైళ్ళ విషయానికి వస్తే తేడా ఇంకా ఎన్నో రెట్లు ఉంటుంది. మీ కంప్యూటరుకు రెండున్నర అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. సరిపోతుంది. మదర్‌బోర్డులో ఖాళీ స్లాటు ఉంటే డి.డి.ఆర్.3 రకం 4 జీబీ ర్యామ్ మరొకటి చేర్పించండి. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు కొత్త కంప్యూటరు ధరలో చిన్న భాగమే. అయితే మార్పిడికి ముందు మీ పేజ్‌మేకర్ ఫైళ్ళన్నీ విడిగా మరోచోట కాపీ చేసి పెట్టుకోండి. పదేళ్ళు దాటిన డిస్క్ ఆ కాపీ జరుగుతున్నప్పుడే ప్రాణం విడిచిన సందర్భాలు మాకు తెలుసు.

ఇక గడువు సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజుతో కంప్యూటర్లు ఆగిపోలేదు. ఆగినది ప్రతి నెలా వచ్చే భద్రతా దిద్దుబాట్లు మాత్రమే. ఆ దిద్దుబాట్లు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 2017ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే 12న వన్నాక్రై అనే ప్రోగ్రాము ప్రపంచమంతటా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేయించుకున్నవారు బయటపడ్డారు, వాయిదా వేసినవారు చిక్కుకున్నారు. అప్పటికే గడువు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం ఆ దిద్దుబాటు అందరికీ అందుబాటులోకి వచ్చింది దాడి జరిగిన తరువాతే. ఇప్పుడు విండోస్ 10 ఆ ఎక్స్‌పీ ఉన్న స్థానంలోకి వచ్చిందన్నమాట.

ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు దిద్దుబాట్లు అందే పొడిగింపు పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి విండోస్ 10లో 22హెచ్2 అనే చివరి వెర్షను, ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సంస్థలకు ఏడాదికేడాది రెట్టింపయ్యే రుసుముతో మూడేళ్ళ వరకు ఇచ్చే పథకం వేరే ఉంది. విండోస్ 11కు మారుదామంటే మీ నాలుగో తరం ప్రాసెసరు అర్హత జాబితాలో లేదు. ఇంటెల్ వరకు ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవారు ఉన్నారు. అలా ఎక్కించిన కంప్యూటరుకు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు కనుక నాలుగు రాళ్ళు సంపాదించి పెట్టే యంత్రం మీద ఆ ప్రయోగం చేయవద్దని మా సలహా.

మీ విషయంలో ఇంతకంటే సులువైన దారి ఒకటి ఉంది. పేజ్‌మేకర్‌కు గానీ, అను ఫాంట్లకు గానీ రోజువారీ పనిలో ఇంటర్నెట్‌తో పని లేదు. ఈ పాత కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. వేయించి, నెట్ వైరు పీకేసి, కేవలం కంపోజింగుకు ఉంచుకోండి. మెయిల్, వాట్సాప్, బ్యాంకు పనులకు ఒక చిన్న ల్యాప్‌టాప్ గానీ, విండోస్ 11 నడిచే సెకండ్ హ్యాండ్ కంప్యూటరు గానీ విడిగా పెట్టుకోండి. రెండింటి మధ్య ఫైళ్ళు మోయడానికి ఒకే ఒక పెన్‌డ్రైవును కేటాయించి, ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవులను ముందు కొత్త యంత్రంలో పరీక్షించిన తరువాతే అందులోకి ఎక్కించండి. ఖాతాదారుల పెన్‌డ్రైవును తిన్నగా పాత యంత్రానికి తగిలిస్తే మాత్రం, వైరు పీకి సాధించిన ప్రయోజనమంతా ఆ ఒక్కసారితో పోతుంది.

ప్రశ్న: నా వ్యాస సంపుటిని పన్నెండేళ్ళ క్రితం అను ఫాంట్లలో కంపోజు చేయించాను. ఇప్పుడు పునర్ముద్రణ కోసం ఆ ఫైలును మా ఇంటి కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తున్నాయి. ఫైలు పాడైపోయిందా? – విశ్రాంత తెలుగు అధ్యాపకులు, రాజమహేంద్రవరం

సమాధానం: ఫైలు పాడు కాలేదు. నిజానికి అందులో మొదటినుంచీ తెలుగు లేదు. మాట కటువుగా ఉన్నా అసలు సంగతి అదే.

అను వంటి ఆ కాలపు డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్ళలోనే తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి వాటిని, బొమ్మలుగా నింపాయి. కంప్యూటరు దాచుకున్నది ఆ గడి సంఖ్యనే. ఫాంటు ఉన్నంతకాలం ఆ గడిలోని తెలుగు ముక్క కనిపిస్తుంది, ఫాంటు లేనిచోట దాని కింద ఉన్న ఇంగ్లీషు గుర్తు బయటపడుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు వేటి సంఖ్య వాటికి కేటాయించే యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నం. 1991లో వచ్చిన మొదటి వెర్షనులోనే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గళ్ళు ప్రత్యేకంగా కేటాయించారు. అందులో అకారం సంఖ్య 3077, కకారం సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ ఫోనులో తెరిచినా 3093 అంటే కకారమే. ఫాంటు మారితే అక్షరం సొగసు మారుతుంది, అక్షరం మారదు.

కనుక మీ ముందు రెండు మార్గాలున్నాయి. యథాతథంగా పునర్ముద్రణ చేయడమే మీ ఉద్దేశమైతే, ఆనాటి ఫాంట్లే ఉన్న కంపోజింగ్ సెంటరుకు ఫైలు తీసుకువెళ్ళి పీడీఎఫ్ చేయించుకుంటే చాలు. అందులో ఫాంట్లు ఇమిడి ఉంటాయి కనుక ఎక్కడ తెరిచినా పుట సరిగ్గా కనిపిస్తుంది. అయితే ఆ పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు, ఒక వాక్యం కాపీ చేస్తే మళ్ళీ ఆ పిచ్చి గీతలే వస్తాయి. మీ వ్యాసాలు రేపు ఎవరో పరిశోధక విద్యార్థి వెతుక్కునేటట్లు ఉండాలనుకుంటే యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. మార్పిడి చేసే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ వాటిని నమ్మి నేరుగా అచ్చుకు పంపవద్దు. ముక్కలుగా దాచిన అక్షరాన్ని మళ్ళీ ఒక్కటిగా కూర్చేటప్పుడు ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర, పద్యపాదాల దగ్గర పొరపాట్లు దొర్లుతుంటాయి. కవర్ల మీద, శీర్షికల మీద రెండు రకాల అను ఫాంట్లు వాడి ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. పుస్తకం మొత్తానికి ప్రూఫు మీరే చూసుకోవలసి వస్తుందని ముందే మనసులో పెట్టుకోండి. అధ్యాపకులకు ఆ పని కొత్త కాదు గనుక ఇలా ధైర్యంగా రాస్తున్నాము.

మార్చిన తరువాత పేజ్‌మేకర్ మీకు ఉపయోగపడదు, దానికి యూనికోడ్ తెలుగు రాదు. ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాము వాడే సెంటరు అయితే, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోమని చెప్పండి. లేకపోతే అక్షరాలు విడివిడిగా చెదిరిపోతాయి. ఇంటి దగ్గర దిద్దుకోవడానికి ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ రైటర్ సరిపోతుంది. అక్షరాల అందం గురించి మీరు బెంగపడవలసిన కాలం కూడా పోయింది. పోతన 2000, రామభద్ర, మండలి, సూరన్న వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇకమీదట కొత్త వ్యాసాలు మీరే టైపు చేయదలిస్తే విండోస్ 10, 11లలోని తెలుగు ఫొనెటిక్ కీబోర్డును సెట్టింగులలో చేర్చుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొడితే తెలుగు పడుతుంది. తెలుగు టైపురైటరు అలవాటున్న చేతులకు మొదటి వారం విసుగు తప్పదు.

ప్రశ్న: మాది ఖమ్మంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి. ప్రతి శనివారం డి డ్రైవులోకి బ్యాకప్ తీస్తున్నాము. ఇది చాలునా? – దుకాణ యజమాని, ఖమ్మం

సమాధానం: చాలదు. సి, డి అన్నవి చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కును రెండుగా విభజించిన పేర్లు. నగలను బీరువా పై అరలోంచి కింది అరలోకి మార్చినంత మాత్రాన బీరువాతో సహా పోయినప్పుడు ఏమి మిగులుతుంది? డిస్కు కాలిపోయినా, దొంగ ఎత్తుకుపోయినా, దుకాణంలోకి వాన నీళ్ళు వచ్చినా అసలు, నకలు రెండూ ఒకేసారి పోతాయి.

చట్టం వైపు నుంచి చూసినా మీ దగ్గర లెక్కలు ఎంతకాలం ఉండాలో తెలుసుకోవడం మంచిది. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను దాఖలుకు గడువు తేదీ నుంచి 72 నెలలు పూర్తయ్యేవరకు ఖాతాలు, రికార్డులు భద్రపరచాలి. 2023–24 ఆర్థిక సంవత్సరపు రిటర్ను గడువు 2024 డిసెంబరు 31 కనుక ఆ లెక్కలు 2030 డిసెంబరు 31 వరకు మీ వద్ద ఉండి తీరాలి. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. ఒక కంప్యూటరు జీవితకాలం కంటే ఆ గడువు పెద్దది కావచ్చునన్న సంగతి చాలామంది వ్యాపారులకు తట్టదు.

ఈ రంగంలో పాతుకుపోయిన 3-2-1 సూత్రం ఒకటి ఉంది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు పరికరాలమీద, వాటిలో ఒకటి వేరే చోట. మీ వంటి దుకాణానికి దానిని ఇలా అమలు చేయవచ్చు. రెండు చిన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని ఒకదాని మీద సోమ, రెండోదాని మీద గురు అని అట్టముక్క అంటించండి. ఆ రోజు సాయంత్రం దుకాణం కట్టేముందు, మిగిలిన కంప్యూటర్లలో ట్యాలీ మూసేశారని చూసుకుని, ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షను ద్వారా ఆ డిస్కులోకి ప్రతి తీయండి. తీసిన వెంటనే డిస్కు వైరు పీకేయండి. ఇది చాదస్తం కాదు. ఫైళ్ళకు తాళం వేసే రాన్‌సమ్‌వేర్ వచ్చినప్పుడు కంప్యూటరుకు తగిలించి ఉన్న ప్రతి డిస్కునూ అదే ఊపులో తాళం వేసిపోతుంది. పీకి సొరుగులో పెట్టిన డిస్కు జోలికి అది పోలేదు. రెండు డిస్కులలో ఒకటి ఎప్పుడూ ఇంటి దగ్గర ఉండాలి.

మూడో ప్రతిగా గూగుల్ డ్రైవు వాడుకోవచ్చు, 15 జీబీ వరకు ఉచితం, అది జీమెయిల్‌తో, ఫోటోలతో కలిపిన లెక్క. అయితే ట్యాలీ పనిచేస్తున్న డేటా ఫోల్డరునే నేరుగా దానితో సింక్ చేయవద్దు, అంటే రెండు చోట్లా ఎప్పటికప్పుడు ఒకేలా ఉండేటట్లు జతచేయవద్దు. ఒక పక్క ఎంట్రీలు పడుతుండగా మరో పక్క నకలు వెళ్తుంటే సగం పాతది, సగం కొత్తది కలిసిన ఫైలు అక్కడికి చేరే ప్రమాదం ఉంది. బ్యాకప్ ఆప్షను తయారుచేసిన ఫైలునే ఎక్కించండి. సింక్ అన్నది బ్యాకప్ కాదని కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ ఒక ఫైలు తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉండి ఆ తరువాత శాశ్వతంగా పోతుంది. మార్చి నెలలో పొరపాటున తుడిచింది జులైలో ఆడిటర్ అడిగినప్పుడు గానీ తెలియకపోతే ఆ 30 రోజులు ఏ మూలకు?

ఇక అందరూ వదిలేసే పని ఒకటి ఉంది. నెలకొకసారి ఏదో ఒక బ్యాకప్‌ను వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేసి, అంటే తిరిగి ఎక్కించి, ట్యాలీలో మీ కంపెనీ తెరిచి, నగదు నిల్వ, ఇద్దరు ముగ్గురు పెద్ద ఖాతాదారుల బాకీ మీ అసలు పుస్తకంతో సరిపోయిందా చూడండి. అసలు డేటా ఉన్న ఫోల్డరులోకి మాత్రం పొరపాటున కూడా రిస్టోర్ చేయకండి. పాత లెక్క కొత్త లెక్క మీద పడిపోతుంది. మూడేళ్ళపాటు శ్రద్ధగా బ్యాకప్ తీసి, అవసరమైన రోజున తెరిస్తే ఖాళీ ఫైళ్ళు కనిపించిన ఒక ధాన్యం వ్యాపారి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన చేసిన తప్పల్లా ఏ ఒక్కనాడూ తెరిచి చూడకపోవడమే. పెన్‌డ్రైవులో బ్యాకప్ పెట్టుకోవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. పెన్‌డ్రైవు ప్రయాణానికే గానీ కాపురానికి పనికిరాదు.

ప్రశ్న: 1 టీబీ డిస్కు కొంటే కంప్యూటరులో 931 జీబీ మాత్రమే చూపుతున్నది. మోసపోయానా? – విద్యార్థి, కర్నూలు

సమాధానం: లేదు. తయారీదారు లెక్కలో టీబీ అంటే ఒకటి పక్కన 12 సున్నాలు, అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక జీబీగా లెక్కిస్తుంది. ఆ పెద్ద అంకెను ఈ అంకెతో భాగిస్తే 931 వస్తుంది. ఇదే లెక్కన 256 జీబీ డిస్కు 238గా కనిపిస్తుంది. అయితే ఎక్కడైనా నమ్మశక్యం కాని చౌకధరకు 2 టీబీ పెన్‌డ్రైవు అమ్ముతుంటే అది వేరే కథ. అటువంటివాటిలో అసలు జాగా కొద్దిగా ఉండి, మిగతాదంతా ఉన్నట్లు చూపే మోసం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి వీడియో 6 జీబీ ఉంది. 32 జీబీ పెన్‌డ్రైవు ఖాళీగానే ఉన్నా ఫైలు పెద్దదంటూ కాపీ కావడం లేదు. – గృహిణి, నెల్లూరు

సమాధానం: ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీకి మించిన ఒక్క ఫైలును ఆ పద్ధతి స్వీకరించదు. అందులో ఉన్నవి వేరేచోట దాచుకుని, పెన్‌డ్రైవు గుర్తు మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. కాపీ అవుతుంది. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవు. మీది అటువంటిదైతే వీడియోను రెండు భాగాలుగా చేసి ఇవ్వమని స్టూడియోవారినే అడగండి.

ప్రశ్న: నా వయసు 71. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మొన్న వార్తలు చదువుతుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, సైరన్ మోగి, మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఈ నంబరుకు వెంటనే ఫోను చేయండి, ఆపితే డేటా అంతా పోతుంది అని రాసి ఉంది. కంగారుపడి ప్లగ్గు పీకేశాను. తప్పు చేశానా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

సమాధానం: తప్పు చేయలేదు మాస్టారూ, ఆ సమయంలో చేయగలిగిన వాటిలో మంచి పనే చేశారు. ఫోను చేయకపోవడం అంతకంటే మంచి పని.

అది వైరస్ కాదు, ఒక వెబ్ పేజీ మాత్రమే. గోడ మీద పులి బొమ్మ అతికించి వెనకాల నుంచి గాండ్రింపు వినిపించడం వంటిది. మైక్రోసాఫ్ట్ నిజంగా ఇచ్చే హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడూ ఉండదు. ఈ ఒక్క గుర్తు చాలు, మిగిలినవన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. మళ్ళీ వస్తే ఎస్కేప్ కీ కొన్ని క్షణాలు నొక్కి పట్టండి, తెరనంతా ఆక్రమించిన పేజీ చిన్నదవుతుంది. అప్పుడు ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజరును మూసేయండి. అదీ కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజరును ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. హెచ్చరికలు మూలన తరచుగా పడుతుంటే, ఎప్పుడో ఏదో సైటుకు మీరు నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటారు. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, తెలియని పేర్లన్నీ తొలగించండి.

ఆ నంబరుకు ఫోను చేసి ఉంటే ఏమి జరిగేదో కూడా చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ ఉత్తరం చదివేవారిలో చేసినవారూ ఉండవచ్చు. అవతలివ్యక్తి మర్యాదగా మాట్లాడి, మీ కంప్యూటరును దూరం నుంచి నడిపే ప్రోగ్రాము ఒకటి వేయిస్తాడు. ఆ తరువాత విండోస్‌లో ఎప్పుడూ ఉండే మామూలు ఎర్ర గుర్తుల చిట్టాను తెరిచి ఇవన్నీ వైరస్‌లేనంటాడు. చివరకు రుసుము పేరుతోనో, డబ్బు వాపసు పేరుతోనో మీ చేత బ్యాంకు పేజీ తెరిపిస్తాడు. అంతదాకా వెళ్ళినవారు మొదట ఇంటర్నెట్ కనెక్షను తీసేయాలి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు, 1930 అనే సైబర్ నేరాల సహాయ నంబరుకు వెంటనే ఫోను చేయాలి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చాలి. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకకముందే నిలిపివేయించడమే 1930 ఉద్దేశం. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం ఖాతాదారు పొరపాటు ఉన్న సందర్భంలో కూడా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. సిగ్గుపడి రేపు చెబుదామనుకున్నవారు ఆ రక్షణను చేజేతులా వదులుకుంటారు.

మీ అబ్బాయి అక్కడి నుంచి మీ కంప్యూటరు చూసి సరిచేయాలంటే విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది, బయటి ప్రోగ్రాములు అక్కరలేదు. అతను ఒక కోడ్ చెబుతాడు, మీరు దానిని కొట్టి అనుమతి ఇస్తారు. అయితే మోసగాళ్ళూ ఇదే క్విక్ అసిస్ట్‌ను వాడుతున్నారు కనుక, మీరు మీ చేత్తో మీ అబ్బాయి నంబరుకు ఫోను చేసి, అతని గొంతు విని అడిగి తీసుకున్న కోడ్ తప్ప మరే కోడ్‌నూ అక్కడ కొట్టవద్దు. ఫోను విషయంలో ఇదే తరహా ఉచ్చు ఇప్పుడు పెళ్ళి పిలుపు రూపంలో వాట్సాప్‌లో తిరుగుతున్నది. శుభలేఖ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఇన్‌స్టాల్ చేయమని ఎన్నడూ అడగదు. ఏపీకే అని చివర ఉన్న పిలుపును, అంటే ఫోనులో ప్రోగ్రామును ఎక్కించే ఫైలును, పంపినది మేనత్తగారి నంబరే అయినా, తెరవకండి.

ప్రశ్న: మాది ఆదిలాబాద్‌లో జిరాక్స్, ప్రింటింగ్ దుకాణం. 600 వి.ఎ. యూపీఎస్‌కు కంప్యూటరు, లేజర్ ప్రింటరు రెండూ పెట్టాము. ప్రింటు ఇవ్వగానే యూపీఎస్ కుయ్‌మని అరిచి అన్నీ ఆగిపోతున్నాయి. పైగా క్యాబినెట్ తాకితే జివ్వుమంటోంది. – దుకాణ యజమాని, ఆదిలాబాద్

సమాధానం: 600 వి.ఎ. అంటే 600 వాట్లు కాదు, ఇటువంటి చిన్న యూపీఎస్‌లలో అది సాధారణంగా 360 వాట్లు మాత్రమే. లేజర్ ప్రింటరులో పొడిని కాగితానికి కరిగించి అంటించే వేడి రోలరు ఒకటి ఉంటుంది. అది వేడెక్కే క్షణంలో కొన్ని వందల వాట్లు, కొన్ని నమూనాలలో వెయ్యికి దగ్గరగా లాగుతుంది. యూపీఎస్ ఆ భారం మోయలేక చేతులెత్తేస్తున్నది. ప్రింటరును నేరుగా గోడ ప్లగ్గుకు మార్చండి, యూపీఎస్ మీద కంప్యూటరు, మానిటరు, నెట్ రౌటరు ఉంచితే చాలు. ప్రింటు సగంలో ఆగితే ఒక కాగితం పోతుంది, ఫైలు సగంలో ఆగితే పనంతా పోతుంది. లోపల ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు మూడేళ్ళలో నీరసిస్తుంది. కరెంటు పోయాక అయిదు నిమిషాలు కూడా నిలవకపోతే యూపీఎస్ మార్చనక్కరలేదు, బ్యాటరీ మార్పించండి.

జివ్వుమనడం మాత్రం తేలికగా తీసుకోదగింది కాదు. కంప్యూటరు పవర్ సప్లైలో విద్యుత్ మలినాలను వడకట్టే కెపాసిటర్లు లైనుకూ క్యాబినెట్‌కూ, న్యూట్రల్‌కూ క్యాబినెట్‌కూ మధ్య అమర్చి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కనుక జివ్వుమని ఊరుకుంటుంది గానీ, అదే ఎర్త్ లేని దుకాణంలో ప్రింటరు హీటరు వైరు క్యాబినెట్‌కు తగిలిన రోజున జివ్వుమనడంతో ఆగదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను కత్తిరించి ఉందేమో, స్విచ్ బోర్డులో ఎర్త్ వైరు అసలు కలిపారో లేదో చూపించండి. తరువాత మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులకు మించి చూపితే ఎర్త్ గుంతను బాగుచేయించాలి. న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకు కలిపి పని కానిచ్చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బయట న్యూట్రల్ తెగిన రోజున మీ దుకాణంలోని ప్రతి ఇనుప డబ్బాలోకీ పూర్తి 230 వోల్టులు వస్తాయి.